వీలునామా ఎక్కడ ఆగింది?

(రాజమహేంద్రవరంలో న్యాయవాదులు, స్థానిక చరిత్ర అభిమానుల సమావేశంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



స్మారకోపన్యాసంలో మొదటి పావుగంట పోయినవారి గుణగణాలు చెప్పడం ఆనవాయితీ. ఈ సభ ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ సీనియర్‌ వకీలుగారు బతికుండగా ఇలాంటి సభల్లో ఆ పావుగంటా గడియారం చూసుకుంటూ కూర్చునేవారు. అందుకని ఆయన గురించి ఒక్క సంగతి చెప్పి విషయంలోకి వెళ్తాను. ఆయన బల్ల సొరుగులో ఒక చేతిరాత పుస్తకం ఉండేది. తాను చూసిన ప్రతి ప్రొబేట్ ఓపీకీ, అంటే వీలునామాను కోర్టు చేత ధ్రువీకరింపజేసుకునే ఒరిజినల్ పిటిషన్‌కీ, అందులో ఒక వరస రాసుకునేవారు. కోర్టు రిజిస్టర్లు కేసు నంబరు వరసన నడుస్తాయి. ఆయన పుస్తకం మాత్రం చనిపోయిన మనిషి ఇంటిపేరు వరసన నడిచేది. ఆ ఏర్పాటు వెనక ఉన్న బుద్ధి కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నా దగ్గరికొచ్చే ప్రశ్న దాదాపు ఒకే మాటల్లో ఉంటుంది. ‘మా తాతగారు వీలునామా రాశారని ఇంట్లో అంటుంటారండీ, ప్రొబేట్ కోర్టులో వెతికితే దొరుకుతుందా?’ ఆస్తి గొడవతో వచ్చేవాళ్ళు కొందరు, వంశచరిత్ర రాసుకునేవాళ్ళు కొందరు. ఈ మధ్య రెండో రకంవాళ్ళు పెరిగారు. పిల్లలు అమెరికాలో ఉంటారు. అక్కడి స్నేహితులు ముత్తాతల వీలునామాలు కౌంటీ కోర్టు నుంచి తెచ్చుకోవడం చూసి, మనకూ అలాంటిదే ఉంటుందనుకుంటారు. న్యూజెర్సీలో ప్రతి కౌంటీకీ ప్రజలు ఎన్నుకున్న సరోగేట్ అనే అధికారి ఉంటాడు, వీలునామాలు ఆయన దగ్గరే దాఖలవుతాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో 1858 జనవరి 12 నుంచి ప్రొబేట్ వ్యవహారమంతా ఒకే వ్యవస్థ కిందికి వచ్చింది. ఏటికేడు సూచిక ఉంది, ఇంట్లో కూర్చుని పేరు కొట్టి చూసుకోవచ్చు. మన దగ్గర ‘ప్రొబేట్ కోర్టు’ అని బోర్డున్న గదే లేదు. ఆ అధికారం జిల్లా జడ్జిగారికి ఉన్న అనేక అధికారాల్లో ఒకటి. ఆ కేసులు ఓపీల గుంపులో గార్డియన్ పిటిషన్లు, మరెన్నో పిటిషన్ల మధ్య కలిసి ఉంటాయి.

గది లేకపోవడం చిన్న ఇబ్బందే. పెద్ద చిక్కు ఏమిటంటే తెలుగువాళ్ళు రాసిన వీలునామాల్లో అత్యధికం ప్రొబేట్ దాకా ఎన్నడూ రాలేదు. కాబట్టి ‘ప్రొబేట్ రికార్డు ఎక్కడుంది’ అని బయల్దేరేవారు ముందుగా ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఈ వీలునామా ఏ ఆఫీసు దాకా నడిచి, ఎక్కడ ఆగింది?

ఎందుకు రాలేదో చెప్పడానికి కొంచెం చట్టం తప్పదు. వకీళ్ళు ఓపిక పట్టండి, మిగతావాళ్ళు మరికాస్త ఎక్కువ ఓపిక పట్టండి. 1865లో వచ్చిన వారసత్వ చట్టం హిందువులకు వర్తించలేదు. 1870లో హిందూ విల్స్ చట్టం చేశారు గానీ దాన్ని బెంగాల్ ప్రాంతానికీ, మద్రాసు, బొంబాయి నగరాలకీ పరిమితం చేశారు. 1881లో ప్రొబేట్ చట్టం వచ్చింది. వీటన్నిటినీ కలిపి 1925లో భారత వారసత్వ చట్టం చేశారు. అందులో 213వ సెక్షన్ ప్రకారం ప్రొబేట్ లేకుండా వీలునామా హక్కును కోర్టులో నిరూపించుకోవడం కుదిరేది కాదు. అయితే 57వ సెక్షన్‌తో కలిపి చదివితే హిందువుల విషయంలో ఆ నిర్బంధం పాత ప్రాంతాలకే వర్తించేది. అంటే మద్రాసు నగర పరిధిలో రాసిన వీలునామాకో, అక్కడి స్థిరాస్తికో ప్రొబేట్ తప్పనిసరిగా ఉండేది. గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, విశాఖ, రాయలసీమల్లో రాసి, అక్కడి భూములకే సంబంధించినదైతే అవసరం ఉండేది కాదు. ముస్లింలకు ఎక్కడా అవసరం ఉండేది కాదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ 213వ సెక్షన్‌ను చట్టం నుంచే తొలగించింది. ఇక ముందు రాబోయే రికార్డు ఇంకా పలచబడుతుంది. కానీ పాత కాగితాలు ఎక్కడున్నాయో తెలియాలంటే పాత చట్టమే దారి చూపాలి.

ఇందులో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. భారతీయ క్రైస్తవులకు 213వ సెక్షన్ నుంచి మినహాయింపు 2002 సవరణతోనే వచ్చింది. అంతకుముందు కోస్తాలో క్రైస్తవ కుటుంబం వీలునామా మీద హక్కు అడగాలంటే ప్రొబేట్ తెచ్చుకోవలసిందే. దాంతో మన జిల్లా కోర్టుల పాత ప్రొబేట్ ఓపీల్లో క్రైస్తవ కుటుంబాల వాటా వాళ్ళ జనాభాతో పోలిస్తే ఎక్కువ కనిపిస్తుంది. మిషన్ పాఠశాలల ఉపాధ్యాయులు, పాస్టర్లు, నర్సులు, రైల్వే ఉద్యోగులు, ఇక్కడే స్థిరపడిన యూరోపియన్లు ఆ ఫైళ్ళలో ఉంటారు. గుంటూరు, గోదావరి జిల్లాల క్రైస్తవ సమాజ చరిత్ర రాయాలనుకునేవాళ్ళు చర్చి రిజిస్టర్లు చూస్తారు, మిషన్ నివేదికలు చూస్తారు. జిల్లా కోర్టు ఓపీలు చూసినవాళ్ళు నాకు తారసపడలేదు. మిషనరీ తన నివేదికలో ఊరి ఉపాధ్యాయుడి గురించి రాసినది ఒకటి. ఆ ఉపాధ్యాయుడు తన ఎకరం పొలం, కుట్టుమిషను ఎవరికి చెందాలో స్వయంగా చెప్పుకున్నది మరొకటి. నాకైతే రెండోదే విలువైన కాగితం.

హిందూ వీలునామాలు పాత కాలంలో తక్కువగా ఉండడానికి ఇంకో కారణం ఉంది. మితాక్షర ఉమ్మడి కుటుంబంలో విడిపోని సభ్యుడికి ఉమ్మడి ఆస్తిలో తన వాటాను వీలునామా ద్వారా ఇచ్చే హక్కు 1956 దాకా లేదు. హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. కాబట్టి 1930ల నాటి వీలునామా దొరికితే రాసిన ఆయన విడిపోయినవాడో, స్వార్జితం ఉన్నవాడో, మగసంతానం లేని ఒంటరి వాటాదారో అయి ఉంటాడు. ప్లీడర్లు, డాక్టర్లు, కాంట్రాక్టర్లు, పిల్లల్లేని భూస్వాములు, స్త్రీధనం ఉన్న వితంతువులు ఎక్కువగా కనిపించేది అందుకే.

అయినా హిందూ కుటుంబాలు కొన్ని జిల్లా కోర్టుకు వచ్చాయి. బ్యాంకు డిపాజిట్ ఇవ్వనంటుంది, కంపెనీ షేర్లు బదిలీ చేయనంటుంది, లేదా దాయాదులు ‘ఆ సంతకం మా బాబాయిది కాదు’ అంటారు. వచ్చినవాళ్ళు కూడా అందరూ ప్రొబేట్ పేరుతోనే రాలేదు. 1925 చట్టం 222వ సెక్షన్ ప్రకారం ప్రొబేట్ ఇచ్చేది వీలునామాలో పేర్కొన్న ఎగ్జిక్యూటరుకే. మనవాళ్ళు ఊళ్ళో దస్తూరి చేత రాయించుకున్న వీలునామాల్లో ఎగ్జిక్యూటరు అన్న ఊసే ఉండదు. అప్పుడు 232 కింద వీలునామా జతచేసిన లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ ఇస్తారు. కోర్టు వరండాలో దాన్ని ‘లెటర్స్’ అంటారు. వెతికేవాళ్ళు ప్రొబేట్ అనే మాటకే కట్టుబడితే ఈ రెండో రకమంతా చేజారుతుంది. వీలునామా లేకుండా పోయినవారి అప్పులూ డిపాజిట్లూ రాబట్టుకోవడానికి తీసుకునే సక్సెషన్ సర్టిఫికెట్ మూడోది. అందులో వీలునామా ఉండదు గానీ కుటుంబ సభ్యుల జాబితా ఉంటుంది. వంశవృక్షం గీసేవారికి అదీ చిన్న లాభం కాదు.

ఇక ఏ కోర్టు? 270వ సెక్షన్ చెప్పేదాని ప్రకారం చనిపోయేనాటికి మనిషి స్థిరనివాసం గానీ, ఏదైనా ఆస్తి గానీ ఏ జడ్జి పరిధిలో ఉంటే ఆ కోర్టు. పుట్టిన ఊరు కాదు, వీలునామా రాసిన ఊరూ కాదు. కాకినాడలో కాపురముండి పోయిన ఆయన కాగితాల కోసం కాకినాడే వెళ్ళాలనిపించడం సహజం. కలెక్టరేటు అక్కడుంది. తూర్పు గోదావరి జిల్లా కోర్టు మాత్రం రాజమండ్రిలో ఉంది. కలెక్టరు ఊరు, జిల్లా జడ్జి ఊరు ఒకటే కానక్కర్లేదన్న సంగతి మన జిల్లావాళ్ళకు చెప్పక్కర్లేదు. బయటివాళ్ళకు మాత్రం ప్రతిసారీ చెప్పాల్సి వస్తుంది.

జిల్లాల హద్దులు మారిన చరిత్ర చేతిలో ఉంచుకోవాలి. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లా, ఆ ఏడు గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది, 1970లో వేరే జిల్లాగా ఏర్పడి 1972లో ప్రకాశం అయింది. ఏలూరు 1925కు ముందు కృష్ణా. పార్వతీపురం సంగతి మరీ విచిత్రం. 1950 దాకా విశాఖపట్నం, తర్వాత శ్రీకాకుళం, 1979 నుంచి విజయనగరం, 2022 నుంచి తన పేరుతోనే జిల్లా. ఇంట్లోవాళ్ళు గుమ్మం దాటకుండానే నాలుగు జిల్లాల్లో కాపురం చేశారు. బరంపురంలో 1920ల్లో పోయిన తెలుగు ప్లీడరుగారి కాగితాలు 1936లో గంజాంతో పాటు ఒరిస్సాకు వెళ్ళాయి. బళ్ళారివి 1953లో మైసూరుకు వెళ్ళాయి. ఇవి రెవెన్యూ జిల్లాల తేదీలు. కోర్టు జిల్లాలు కొన్నిచోట్ల వేరే తేదీల్లో మారాయి. తెలంగాణలో 2016లో రెవెన్యూ జిల్లాలు పెరిగితే న్యాయ జిల్లాలు 2022లో పెరిగాయి. ముగిసిపోయిన కేసు కట్ట ఎక్కడుందో పాత జిల్లా కేంద్రంలోనే ముందు అడగడం మంచిది.

అప్పీలుకు వెళ్ళిన కేసైతే హైకోర్టు కూడా లెక్కలోకి వస్తుంది. ఆంధ్రకు సొంత హైకోర్టు 1954లో గుంటూరులో వచ్చింది. అంతకుముందువి మద్రాసులో. 1956 నుంచి హైదరాబాదులో, ఆంధ్రప్రదేశ్‌కు 2019 నుంచి అమరావతిలో. నిజాం ఏలుబడిలోని జిల్లాల దారి వేరు. అక్కడ భారత వారసత్వ చట్టం హైదరాబాదు రాజ్యం విలీనమయ్యాకనే వచ్చింది. అంతకుముందటి కోర్టు కాగితాలు ఉర్దూలో ఉంటాయి. చదివిపెట్టేవారిని వెంటబెట్టుకుని వెళ్ళాలి.

మద్రాసులో ఆస్తి ఉన్న తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. జార్జిటౌన్‌లో ఇల్లు, మైలాపూరులో స్థలం, సినిమా కంపెనీలో వాటా. అలాంటివారి వీలునామా నెల్లూరులో రాసినదైనా మద్రాసులో స్థిరాస్తి ఉంటే ప్రొబేట్ పడి ఉండే అవకాశం చాలా ఎక్కువ. మద్రాసు హైకోర్టు ఒరిజినల్ సైడ్‌లో ఓపీగా మొదలై, తగాదా వస్తే టీఓఎస్‌గా, అంటే టెస్టమెంటరీ ఒరిజినల్ సూట్‌గా మారుతుంది. రెండు నంబర్లూ చూడాలి. ఇంకా వెనక్కి వెళ్తే అప్పటి మద్రాసు సుప్రీంకోర్టు, దానికి ముందు మేయర్స్ కోర్టు. పచ్చయప్ప ముదలియారు 1794లో రాసిన వీలునామా ఆ సుప్రీంకోర్టు వ్యాజ్యంలో నలిగి, చివరికి అందులోంచి పచ్చయప్ప విద్యాసంస్థలు పుట్టాయి. 18వ శతాబ్దం నుంచి 1948 దాకా మద్రాసులో రుజువైన వీలునామాల నకళ్ళు, ప్రధానంగా యూరోపియన్లవి, లండన్ వెళ్ళాయి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉన్నాయి. మద్రాసులో చిరిగిపోయినది అక్కడ చదవదగినట్టు దొరకవచ్చు.

ఇప్పుడు సీనియర్‌గారి పుస్తకం దగ్గరికొద్దాం. జిల్లా కోర్టు ఓపీ రిజిస్టరులో, ఇప్పటి ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో కేసు నమోదయ్యేది పిటిషనరు పేరుతో, ప్రతివాది పేరుతో. వీలునామా రాసిన మనిషి చనిపోయాడు కాబట్టి ఆయన పార్టీ కాడు. మీరు తాతగారి పేరు కొట్టి చూస్తే ఏమీ రాదు. రికార్డు లేదనుకుని వెళ్ళిపోతారు. కట్ట అక్కడే ఉంటుంది, మీ పెద్దనాన్న పేరుతో, లేదా పుట్టింటి ఇంటిపేరుతో వకాల్తా మీద సంతకం చేసిన మేనత్త పేరుతో. సీనియర్‌గారు చనిపోయినవారి ఇంటిపేరుతో సూచిక రాసుకున్నది ఇందుకే. వెతికేవాళ్ళు బయల్దేరే ముందే వారసులందరి పేర్లూ, పెళ్ళయిన ఆడపిల్లల రెండు ఇంటిపేర్లూ, ఎగ్జిక్యూటరుగా ఉండదగిన స్నేహితుల పేర్లూ రాసుకుని వెళ్ళాలి. ఇంటిపేరు ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు, నాలుగూ చూడాలి.

చనిపోయిన ఏడాది దగ్గరే ఆగిపోకండి. వీలునామా దాచిపెట్టిన పెట్టె పదేళ్ళ తర్వాత తెరుచుకోవచ్చు. ఆస్తి అమ్మేటప్పుడు కొనేవాడి వకీలు అడిగితేనే కోర్టుకు పరిగెత్తినవాళ్ళున్నారు. మరణ తేదీ తెలియకపోతే మున్సిపాలిటీ మరణాల రిజిస్టరు, పంచాయతీ రికార్డు, సమాధి రాయి, అవీ లేకపోతే తద్దినం పెట్టే తిథి. తిథి చెబితే పాత పంచాంగాలు తిరగేసి తేదీ పట్టగల పురోహితులు ఇంకా ఉన్నారు. ప్రొబేట్ పిటిషన్ పడినప్పుడు కోర్టు సైటేషన్, అంటే సంబంధం ఉన్నవారు వచ్చి చూసుకోమనే పిలుపు, ఇస్తుంది. దాన్ని కోర్టు గోడ మీద, కలెక్టరు ఆఫీసులో అంటిస్తారు, పత్రికలో కూడా వేయిస్తారు. పాత దినపత్రికల లీగల్ నోటీసులు ఓపిగ్గా తిరగేస్తే ఓపీ నంబరు అక్కడే దొరుకుతుంది. నంబరు దొరికితే సగం పని అయినట్టే.

కట్ట చేతికొచ్చాక ఏముంటుందో కొంచెం తీరిగ్గా చెప్తాను, ఎందుకంటే మనవాళ్ళు వీలునామా నకలు తీసుకుని మిగతాది వదిలేసి వస్తారు. పిటిషనులో మరణ తేదీ, ఇది ఆఖరి వీలునామా అన్న మాట, ఆస్తి విలువ ఉంటాయి. సాక్షి ధ్రువీకరణ ఉంటుంది. ఆస్తుల విలువ చెప్పే అఫిడవిట్ ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కాగితం అదే. పొలం హద్దులతో మొదలై పక్క రైతుల పేర్లు, కాలవ పేరు, ఎన్ని తులాల బంగారం, ఎవరికెంత బాకీ, నోటు రాసిచ్చినవాళ్ళెవరు, ఏ కంపెనీలో ఎన్ని షేర్లు. ఒక మనిషి ఆర్థిక జీవితం అంత నిజాయితీగా ఇంకెక్కడా నమోదు కాదు. కోర్టు ఫీజు తగ్గించుకోవడానికి విలువ తక్కువ వేసిన సంగతి మాత్రం మనసులో పెట్టుకుని చదవాలి. గ్రాంటు వచ్చాక ఆరు నెలల్లో ఇన్వెంటరీ, ఏడాదిలో లెక్కలు దాఖలు చేయాలని 317వ సెక్షన్ ఉంది. చాలామంది వేయరు. వేసిన కేసు దొరికితే అది నిధి. అంత్యక్రియల ఖర్చు, నౌకర్లకిచ్చిన బాకీ జీతాలు, వైద్యుడి బిల్లు అన్నీ అందులో ఉంటాయి.

తగాదా పడిన కేసైతే చరిత్రకారుడికి పండగే. వీలునామా చుట్టూ ఉన్న అనుమానాలు తీర్చాల్సిన బాధ్యత దాన్ని ముందుకు తెచ్చినవాడిదేనని 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటినుంచి ప్రతి డిఫెన్సు వకీలూ అనుమానాలు వెతకడమే పనిగా పెట్టుకున్నాడు. ఆ రోజు ఆయన లేచి కూర్చోగలిగాడా, మందు ఎవరిచ్చారు, దస్తూరిని ఎవరు పిలుచుకొచ్చారు, రెండో భార్య గదిలో ఉందా, వేలిముద్ర వేయించారా, సంతకం వచ్చిన మనిషికి వేలిముద్ర ఎందుకు? సాక్షులు చెప్పే జవాబుల్లో పెద్ద కుటుంబం ఇంటి నడవా మొత్తం కళ్ళకు కడుతుంది. ఎవరు ఎక్కడ పడుకునేవారు, ఎవరు ఎవరితో మాట్లాడరు, ఎవరి చేతి అన్నం ఆయన తినేవాడు. నవలలు రాసేవాళ్ళు ఒక్కసారి రికార్డు రూముకు రావాలని నేను ఎప్పుడూ అంటుంటాను.

ఇవన్నీ చదివేవారికి ఒక మాట. వీలునామాల్లో బయటికి చెప్పని సంబంధాలు ఉంటాయి. ‘నన్ను కనిపెట్టుకుని ఉన్న ఫలానా ఆమెకు జీవితాంతం నివసించే హక్కు’ అని రాసి ఉంటుంది. ఆమె మనవలు ఈ ఊళ్ళోనే ఉండొచ్చు. ఆ పేరును మీ పుస్తకంలో అచ్చు వేసేముందు ఆలోచించుకోండి. అయితే ఆమె ఈ లోకంలో ఉన్నట్టు చెప్పే కాగితం బహుశా ఆ ఒక్కటే కావచ్చు. ఈ రెండు మాటల మధ్య నాకు తేలిక తీర్పు లేదు.

కోర్టుకు రాని వీలునామా ఆగే రెండో చోటు రిజిస్ట్రేషన్ ఆఫీసు. వీలునామా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చాలామంది చేయించారు. ఇక్కడ అందరూ బోల్తాపడేది ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ దగ్గర. ఈసీ తీశాం, వీలునామా లేదండీ అంటారు. ఈసీ మొదటి పుస్తకం సూచిక నుంచి వస్తుంది, వీలునామాలు నమోదయ్యేది మూడో పుస్తకంలో. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఆ పుస్తకం మీరు తిరగేయలేరు, రిజిస్ట్రారే వెతికిపెట్టాలి. రాసినవారు బతికుండగా వారికీ వారి ఏజెంటుకూ తప్ప నకలు ఎవరికీ ఇవ్వరు. చనిపోయాక మాత్రం అడిగిన ఎవరికైనా ఇవ్వాల్సిందే. మనవడివా, పరాయివాడివా అని అడిగే అధికారం అక్కడ లేదు. మరణ ధ్రువపత్రం తీసుకెళ్ళండి, సెక్షన్ నంబరు చెప్పండి. అదే మూడో పుస్తకంలో దత్తత అధికార పత్రాలు కూడా ఉంటాయి. భర్త చనిపోయేముందు భార్యకు ‘నా తర్వాత కుర్రవాణ్ణి దత్తత చేసుకో’ అని రాసిచ్చిన పత్రం దొరికితే 1956కు ముందటి కుటుంబ చరిత్రలో ఎన్నో ముడులు విడిపోతాయి. సీలు కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచే పద్ధతి కూడా ఉంది. దానికి వేరే ఐదో పుస్తకం. సబ్ రిజిస్ట్రారు దగ్గర అది దొరకదు. రాసినవారు పోయాక ఎవరైనా దరఖాస్తు పెడితే వాళ్ళ ఖర్చుతో కవరు తెరిచి మూడో పుస్తకంలోకి ఎక్కిస్తారు. ఎవరూ అడగని కవర్లు ఆ ఇనప్పెట్టెల్లో అలాగే ఉంటాయి.

మూడో చోటు భాగపరిష్కారం దావాలు, స్వత్వం దావాలు. మన జిల్లాల్లో వీలునామాలు ఎక్కువగా ఆగింది ఇక్కడే. ప్రొబేట్ అక్కర్లేదు కాబట్టి తగాదా వచ్చినప్పుడు దావాలోనే వీలునామాను ఎగ్జిబిట్‌గా వేసి రుజువు చేస్తారు. దీనికి మనకు దగ్గరి ఉదాహరణ పిఠాపురం. రాజా గంగాధర రామారావు వెంకటగిరి వంశం నుంచి ఒకరిని దత్తత చేసుకున్నారు. తర్వాత 1885లో కొడుకు పుట్టాడు. 1890లో ఆయన పోయేనాటికి ఎస్టేటును ఆ కొడుక్కి ఇస్తూ వీలునామా ఉంది. దత్తకుమారుడు దావా వేశారు. మైనరు తరఫున కోర్ట్ ఆఫ్ వార్డ్స్ నిలబడింది. 1899లో ప్రివీ కౌన్సిల్ వీలునామాను నిలబెట్టింది. విభజించడానికి వీల్లేని జమీందారీ అయినా, యజమాని వీలునామా ద్వారా ఇవ్వవచ్చన్న సూత్రం ఆ తీర్పుతో స్థిరపడింది. ఆ మైనరే తర్వాత సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పోషకుడైన రాజా సూర్యారావు బహద్దూరు. నిఘంటువు మొదటి సంపుటం 1936లో వచ్చింది. ఆ కేసు ఇంకోలా తేలి ఉంటే ఆ నిఘంటువు ఏ పేరుతో వచ్చేదో, అసలు వచ్చేదో లేదో. ఇంత ప్రసిద్ధమైన వీలునామా కోసం ప్రొబేట్ సూచికలు తిరగేస్తూ కూర్చుంటే ఎప్పటికీ దొరకదు. అది దావా రికార్డు, ప్రివీ కౌన్సిల్ తీర్పుల్లో ఉన్న సంగతి. ఆ తీర్పు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవవచ్చు.

ఎగ్జిబిట్లతో ఒక ప్రమాదం ఉంది. కేసు ముగిశాక అసలు కాగితం వేసినవాళ్ళు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ప్రొబేట్ అయితే వారసత్వ చట్టం 294వ సెక్షన్ కింద అసలు వీలునామా కోర్టులోనే ఉండిపోతుంది, ఇంటికి వచ్చేది సీలు వేసిన నకలు. దావా ఎగ్జిబిట్ ఇంటికి వెళ్ళి చెదలకు ఆహారమవుతుంది. దానికి తోడు 1917 నాటి రికార్డుల ధ్వంసం చట్టం కింద హైకోర్టు నియమాల ప్రకారం గడువు తీరిన కాగితాలు తీసేస్తారు. సాధారణంగా తీర్పు, డిక్రీ నిలుస్తాయి, మిగతాది పోతుంది. అందుకని తీర్పును ఆసాంతం చదవాలి. పాతకాలపు సబ్ జడ్జీలు వీలునామాలోని ముఖ్యమైన మాటలు తీర్పులో ఎత్తి రాసేవాళ్ళు. అసలు పోయినా ఆ పేరా మిగిలింది చాలాచోట్ల.

నకలు తీసుకునే పద్ధతి జూనియర్లకు తెలిసిందే, మిగతావారి కోసం చెప్తున్నాను. కేసులో పార్టీ అయితే నకలు దరఖాస్తు మామూలుగా వేస్తారు. సంబంధం లేనివారు ఎందుకు కావాలో చెబుతూ అఫిడవిట్‌తో పిటిషను వేసి జడ్జిగారి ఉత్తర్వు తెచ్చుకోవాలి. సమాచార హక్కు కింద అడుగుతామంటారు కొందరు. కోర్టు నియమాల్లో నకలు ఇచ్చే దారి ఉన్నప్పుడు ఆ దారినే రావాలని 2020లో గుజరాత్ హైకోర్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. ‘వంశచరిత్ర రాయడం కోసం’ అని నిజమే రాయండి. ఆస్తి తగాదా లేదన్న ఒక వాక్యం చేర్చండి. ఆ వాక్యం లేకపోతే నకళ్ళ విభాగం వాళ్ళు అనుమానంగా చూస్తారు. వాళ్ళ అనుమానానికి కారణాలున్నాయి. రికార్డు కీపరుతో, అనుభవమున్న ప్లీడరు గుమాస్తాతో మర్యాదగా మాట్లాడండి. కట్ట ఏ బీరువాలో ఉందో వాళ్ళకు తెలిసినంత ఏ కంప్యూటరుకూ తెలియదు.

ఇక్కడ నా ఫిర్యాదు ఒకటి చెప్పుకుంటాను. కోర్టులో దాఖలైన వీలునామాలను భద్రపరచడానికీ, జనం చూసుకోవడానికీ నియమాలు రాష్ట్ర ప్రభుత్వం చేయాలని 294వ సెక్షన్ రెండో భాగమే చెబుతోంది. చూసుకోవడం అన్న మాట 1925లోనే చట్టంలో ఉంది. వీలునామా ప్రొబేట్ అయిన క్షణం నుంచి అది కుటుంబ రహస్యం కాదు, లోకమంతా కట్టుబడాల్సిన పత్రం. 273వ సెక్షన్ దానికి అంత బలం ఇచ్చింది. అలాంటి పత్రాన్ని చనిపోయినవారి పేరుతో వెతకడానికి వీల్లేని రిజిస్టరులో పెట్టడం అర్థంలేని పని. ఈ-కోర్ట్స్‌లో ఒక్క గడి చేరిస్తే చాలు: ‘మృతుని పేరు’. పాతవాటికి మన బార్ వాళ్ళే పూనుకోవచ్చు. జూనియర్లు ఏడాదికో పదేళ్ళ ఓపీ రిజిస్టర్లు తీసుకుంటే ఈ జిల్లాకు సూచిక తయారవుతుంది. సీనియర్‌గారి పుస్తకం కుటుంబ సభ్యులు ఇస్తామన్నారు. పని అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళు సభలో చాలామంది ఉన్నారు కాబట్టి ఆ సంగతీ చెప్పాలి. అక్కడ చనిపోయినవారి వీలునామా అక్కడి కోర్టులో రుజువైతే, దాని ధ్రువీకరించిన నకలుతో ఇక్కడి జిల్లా కోర్టులో వారసత్వ చట్టం 228వ సెక్షన్ కింద లెటర్స్ అడగవచ్చు. ఆ నకలు మీద అక్కడి రాష్ట్ర అధికారుల అపొస్టీల్ ఉండాలి. భారతదేశం 2005లో ఆ ఒప్పందంలో చేరింది కాబట్టి రాయబార కార్యాలయం చుట్టూ తిరిగే పని తగ్గింది. ఎడిసన్‌లో కాపురమున్న మనిషి రావులపాలెం పొలం కోసం వేసిన పిటిషను రేపటి చరిత్రకారుడికి మిడిల్‌సెక్స్ కౌంటీ సరోగేట్ దగ్గర ఒక సగం, రాజమండ్రిలో ఇంకో సగం దొరుకుతుంది. రెండు చోట్లా వెతకాలని మనవలకు ఎవరైనా చెప్పి ఉంచాలి.

చివరగా దరఖాస్తు ఎలా రాయాలో చెప్పి ముగిస్తాను. నకలు కోరే చోట ‘వీలునామా’ అని ఒక్కమాట రాయకండి. పిటిషను, ఆస్తుల అఫిడవిట్, సాక్షుల వాంగ్మూలాలు, సైటేషన్ ప్రకటన, ఉత్తర్వు, దాఖలైతే ఇన్వెంటరీ, లెక్కలు అని విడివిడిగా రాయండి. ఏ కాగితం రికార్డులో లేదో దాని ఎదుట ‘లేదు’ అని రాసిమ్మని కూడా అడగండి. ఆ ‘లేదు’ కింద తేదీ, సంతకం ఉంటే తర్వాత వెతికేవాళ్ళు మళ్ళీ అదే బీరువా దించక్కర్లేదు.